డబ్ల్యు, కె, మళ్లీ డబ్ల్యు

డిక్షనరీ మహా మొండిది. మొదటి అక్షరం చెబితే తప్ప నోరు విప్పదు. ఎమ్‌తో మొదలయ్యే మాటలు కావాలంటే పేజీలకు పేజీలు పరిచేస్తుంది. అదే, చివర్లో ఎమ్, టి పక్కపక్కన వచ్చే మాట ఒక్కటి చెప్పమని అడిగి చూడండి. అంత లావు పుస్తకమూ బెల్లం కొట్టిన రాయే. ఆ మాట అందులోనే ఉంటుంది, ఎక్కడుందో తెలుసుకునే దారే ఉండదు. మా చిన్నతనంలో సెలవులన్నీ ఆ దారి వెతకడంలోనే గడిచిపోయాయి.

ఆటకు పేరంటూ లేదు. "అక్షరాలు వేద్దామా" అనేవాళ్లం, అంతే. ఒకరు కళ్లు మూసుకుని ఏదో ఒక ఇంగ్లీషు పుస్తకం తెరిచి వేలు పెడతారు. వేలి కింద పడ్డ మాటలోంచి పక్కపక్కనున్న రెండో మూడో అక్షరాలు తీసి పైకి చదువుతారు. మిగతావాళ్లు ఆ అక్షరాలు అదే వరసలో, మధ్యలో ఇంకోటి దూరకుండా వచ్చే మాట చెప్పాలి. అడిగినవాళ్ల దగ్గర ఎలాగూ ఒక మాట ఉంటుంది కాబట్టి "అలాంటిదే లేదు పో" అని తప్పించుకోవడానికి వీల్లేదు. ఆ అక్షరాలు మాట మొదట్లో వస్తే చెల్లదు. ఈ షరతు పెట్టింది మా బాబాయి. అది లేకపోతే అందరూ డిక్షనరీ మీద పడతారని ఆయన భయం. రెండో షరతూ ఆయనదే: ఉన్న మాటకు చివర ఎస్ తగిలించి కొత్త మాట కనిపెట్టానని అనకూడదు.

ఓ పొడవాటి నోటుపుస్తకం ఉండేది. ఎడమవైపు అక్షరాలు, మధ్యలో మాట, కుడివైపు కనిపెట్టినవాళ్ల గుర్తు. బాబాయికి 'బా', అత్తకు 'త్త', అక్కకు 'క్క', నాకు ఒక చుక్క. చిన్నవాణ్ని కాబట్టి చుక్క చాలన్నారు. పుస్తకంలోకి ఎక్కిందంటే ఆ మాట ఇక వాళ్ల సొత్తు. ఇంకొకరు మళ్లీ దాన్ని వాడుకోవడానికి లేదు. మా నలుగురికీ అందుకే ఇంగ్లీషులో సగం మాటలకు యజమానులు తెలుసు. ఇప్పటికీ ఎక్కడైనా 'బ్యాంక్రప్సీ' అని చదివితే నాకు ముందు అత్త గుర్తొస్తుంది. పి, టి, సి అడిగినప్పుడు ఆవిడ చెప్పిన మాట అది. 'ఆక్సిజన్' బాబాయిది. ఎక్స్, వై, జి. 'న్యూస్‌పేపర్' నాది. డబ్ల్యు, ఎస్, పి అనగానే ఎదురుగా బల్లమీద పడున్నది చూసి చెప్పేశాను. అది దొంగతనం కిందికి వస్తుందా రాదా అని పెద్ద గొడవైంది. చివరికి చుక్క పెట్టారు.

ఆటలో నేను గమనించింది ఒకటుంది. నలుగురమూ ఒకే మాటకోసం వెతుకుతున్నా, వెతికే చోటు ఒకటి కాదు.

బాబాయి ప్రెస్సులో ఇంగ్లీషు కంపోజిటరు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి స్టిక్కులో పేర్చే పని. ఒకసారి నన్ను తీసుకెళ్లి కేసు చూపించాడు. వాలుగా పెట్టిన పెద్ద చెక్క అర, దాన్నిండా గళ్లు. అన్ని గళ్లూ ఒక్క కొలత కావు. ఇ గడి అన్నిటికన్నా పెద్దది, సరిగ్గా చెయ్యి వాలే చోట. జడ్, క్యూ, ఎక్స్, జె ఎక్కడో పక్కల్లో, ఇరుకు గళ్లలో. ఆయన గళ్లవైపు చూసేవాడే కాదు. కళ్లు రాతప్రతి మీద, కుడిచెయ్యి దానంతటది తిరుగుతూ ఉండేది, ఎడమచేతిలో స్టిక్కు నిండుతూ ఉండేది. ప్రతి అక్షరం ఒంటిమీదా ఒక గాడి ఉంటుంది. వేలికి గాడి తగిలితే అక్షరం సరైన వైపు తిరిగిందని లెక్క. పేర్చిన వరసని తలకిందులుగా, ఎడమనుంచి కుడికి చదవాలి. అలా చదివితే బి, డి, పి, క్యూ నాలుగూ ఒక్కలాగే కనిపిస్తాయి. నేను ఒక వరస చదవబోయి అక్కడే ఆగిపోతే ఆయన నవ్వాడు. "కళ్లతో కాదురా, చేత్తో చదవాలి" అన్నాడు.

ఆటలో ఆయన బలం ఎక్కడుందో ఆ రోజు తెలిసింది. ఇంగ్లీషులో పలకని అక్షరాలు బోలెడు. చెవితో వెతికేవాళ్లకి అవి ఉన్నట్టే తెలియదు. చేత్తో ఏరేవాడికి మాత్రం మూగ అక్షరమంటూ లేదు. 'డెట్' అని కూర్చాలంటే బి దాకా చెయ్యి పోవాల్సిందే. అందుకే ఎమ్, ఎన్ అని అడిగితే మేం ఇంకా తల గోక్కుంటూ ఉండగానే ఆయన 'కాలమ్, ఆటమ్, సాలెమ్, కండెమ్' అని వరసగా వదిలేవాడు. అన్నిటికీ చివర ఎన్ ఉంది, ఒక్కదాంట్లోనూ వినిపించదు. ఎస్, టి, హెచ్, ఎమ్ అంటే 'ఆస్త్మా', దాని వెనకే 'ఇస్త్మస్'. పి, హెచ్, టి, హెచ్ అంటే 'డిఫ్తాంగ్', బట్టల్లో వేసే 'నాఫ్తలీన్'. చదువుకున్నవాళ్లు కూడా వీటిలో మొదటి హెచ్‌ని మింగేసి రాస్తారు. బాబాయి మింగడు. ఆ హెచ్ వెయ్యకపోతే ప్రూఫులో దొరికిపోతాడు మరి.

ఆయనకు అన్నిటికన్నా గర్వం 'బుక్‌కీపర్' మీద. లెక్కల పుస్తకాల బిల్లు కూరుస్తుంటే దొరికిందట. ఓ రెండు, వెంటనే కె రెండు, వెంటనే ఇ రెండు. జంట అక్షరాలు మూడు వరసగా, మధ్యలో మరోటి లేకుండా వచ్చే మామూలు మాట ఇంకోటి తెమ్మని మమ్మల్నందర్నీ సవాలు చేశాడు. మేం తేలేకపోయాం. పుస్తకంలో ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో గీత కూడా గీసుకున్నాడు. ఆ గీతకు ఎవరి అనుమతీ తీసుకోలేదు.

ఇ గడి ఎందుకంత పెద్దది అని అడిగితే, ఇంగ్లీషు అంతా ఇ మీద నడుస్తుందన్నాడు. అది ఆయన ఒక్కడి మాటేం కాదని తర్వాత ఎప్పటికో చదివి తెలుసుకున్నాను. టెలిగ్రాఫు కోడు తయారైన కాలంలో, అచ్చు టైపు సెట్లలో ఏ అక్షరం ఎన్ని పెడుతున్నారో లెక్క చూశారని చెబుతారు. ఆ లెక్కలో ఇ 12,000 ఉంటే టి 9,000, అట్టడుగున జడ్ 200. మోర్స్ కోడులో అందుకే ఇ కి ఒక్క చుక్క, టి కి ఒక్క గీత. క్యూ పంపాలంటే మాత్రం గీత, గీత, చుక్క, గీత. అరుదుగా వచ్చేవాళ్లు ఎక్కువసేపు కూర్చుంటారన్నమాట.

అంత అవసరమైన ఇ ని ఒక్కసారి కూడా వాడకుండా ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ అనే ఆయన 50,000 మాటలు పైబడిన నవల రాశాడు, 1939లో అచ్చయింది. టైప్‌రైటర్‌లో ఇ కొట్టే కడ్డీని కట్టేసి మరీ కూర్చున్నాడట, పొరపాటున కూడా దొర్లకుండా. 'ద' అనే మాటే వాడటానికి లేదు. ఈ సంగతి చెబితే బాబాయి కాసేపు ఆలోచించి "ఆ కంపోజిటరు అదృష్టవంతుడు, పెద్ద గడి జోలికే పోనక్కర్లేదు" అన్నాడు.

ఇలాంటి పట్టుదలలు మనకేం కొత్త కాదు. దశకుమారచరిత్రలో మంత్రగుప్తుడు పెదవికి ప్రియురాలి పంటిగాటు తగిలి నొప్పిగా ఉందని, పెదవులు కలిసే అక్షరాలే రాకుండా తన కథంతా చెబుతాడు. కవి దండి ఆ ఉచ్ఛ్వాసం, అంటే ఆ అధ్యాయం, మొత్తం అలాగే నడిపించాడు. తెలుగులో మరింగంటి సింగరాచార్యులు ఏకంగా దశరథరాజనందన చరిత్ర అని రామకథనే నిరోష్ఠ్యంగా రాశాడు. మ లేకుండా రాముడి కథ! ఇక అవధానంలో నిషిద్ధాక్షరి, న్యస్తాక్షరి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకదాంట్లో పృచ్ఛకుడు అడుగడుగునా ఫలానా అక్షరం వాడొద్దంటాడు. రెండోదాంట్లో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం ఉండి తీరాలంటాడు. మేం ఆడింది ఆ రెండోదానికి చాలా దూరపు, చాలా బీద చుట్టం. మాకు ఛందస్సు బెడద లేదు కదా.

అత్త వెతికే చోటు టైపు మిషను. ఆవిడ టైపు నేర్చుకునే రోజుల్లో ఏ మాట విన్నా బల్లమీద వేళ్లు ఆడుతుండేవి. ఏ మాట ఏ చేత్తో వస్తుందో, ఏ వరసలో పడుతుందో ఆవిడ వేళ్లకు ముందే తెలిసిపోయేది. పై వరసలో పది అక్షరాలు: క్యూ, డబ్ల్యు, ఇ, ఆర్, టి, వై, యు, ఐ, ఓ, పి. ఆ వరస దాటకుండా కొట్టగలిగే మాటల్లో 'టైప్‌రైటర్' కూడా ఉందని ఆవిడ కనిపెట్టిన రోజు మేమంతా మిషను చుట్టూ చేరాం. నమ్మక, ఒక్కో అక్షరం చూపించమన్నాం. చూపించింది. పదక్షరాల మాట, వేలు రెండో వరసకు దిగలేదు. ఆ తర్వాత 'ప్రొప్రైటర్', 'పర్పెట్యుయిటీ', 'రెపర్ట్వార్' కూడా అక్కడే దొరికాయి, అవీ పదేసి అక్షరాలవే. 1874లో మొదటి మిషన్లు అమ్మకానికి వచ్చినప్పుడు దుకాణాల్లో చూపించడానికి వీలుగా ఆ మాట పైవరసలో పడేట్టు పెట్టారని ఒక కథ ఉంది. నాకు ఆ కథ మీద పెద్ద నమ్మకం లేదు, వినడానికి మాత్రం బాగుంటుంది.

మధ్య వరసలో అచ్చు ఒక్క ఏ మాత్రమే. అందుకని అక్కడ 'ఫ్లాస్క్', 'గ్లాస్', 'ఫ్లాష్' లాంటివే పుడతాయి. కాస్త పొడుగైనది 'ఆల్ఫాల్ఫా'. కింది వరసలో అచ్చే లేదు. అక్కడ మాట పుట్టదు. "పాపం, ఆ వరస గొడ్డుపోయింది" అనేది అత్త. ఎడమచేత్తో మాత్రమే కొట్టే మాటల్లో ఆవిడ గొప్ప దొరుకు 'స్టూవర్డెసెస్', పన్నెండు అక్షరాలు. కుడిచేత్తో 'లాలిపాప్'. కుడిచేతికి అన్యాయం జరిగిందని ఆవిడకో బాధ ఉండేది. ఇంగ్లీషులో ఎక్కువగా వచ్చే ఇ, టి, ఏ, ఎస్, ఆర్ అన్నీ ఎడమవైపే ఉన్నాయి మరి.

అక్క పద్ధతి వేరు. ఆమెకు అచ్చుల పిచ్చి. కుడిచెయ్యి చాపి బొటనవేలికి ఏ, చూపుడువేలికి ఇ, నడిమివేలికి ఐ, ఉంగరపువేలికి ఓ, చిటికెనవేలికి యు అని పంచేసింది. మాట నెమ్మదిగా స్పెల్లింగు చెప్పుకుంటూ, అచ్చు వచ్చినప్పుడల్లా దాని వేలు ముడుస్తుంది. ఒకసారి ముడిచిన వేలు మళ్లీ ముడవడానికి లేదు. మాట అయ్యేసరికి పిడికిలి బిగిస్తే గెలిచినట్టు: అయిదు అచ్చులూ ఒక్కొక్కసారే వచ్చాయన్నమాట. 'ఎడ్యుకేషన్' పిడికిలి. 'ఈక్వేషన్' పిడికిలి. 'ప్రికాషన్', 'రెప్యుటేషన్', 'బిహేవియర్' కూడా, చివరిదాన్ని బ్రిటిష్ పద్ధతిలో యు కలిపి రాస్తే. 'రెవల్యూషన్' పనికిరాదు. ఓ రెండుసార్లు వచ్చి, ఏ అసలు రాదు, బొటనవేలు అలా నిలబడే ఉంటుంది. బస్సులో కూర్చుని బోర్డులు చదువుకుంటూ ఆమె అలా వేళ్లు ముడుస్తుంటే పక్కవాళ్లు ఏదో జపం అనుకునేవాళ్లు.

వేళ్లు బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా వరస తప్పకుండా ముడుచుకునే మాట ఒకటి దొరకాలని అక్క చాలాకాలం వెతికింది. దొరికిన రోజు బాగా గుర్తుంది నాకు. వంటింట్లోంచి చెయ్యి పైకెత్తి పిడికిలితో వచ్చింది. 'ఫెసీషియస్'. ఎఫ్, ఏ, సి, ఇ, టి, ఐ, ఓ, యు, ఎస్. మమ్మల్నందర్నీ వరసగా కూర్చోబెట్టి మా వేళ్లు తనే ముడిచి చూపించింది. దానికి ఎల్, వై తగిలిస్తే ఆరో అచ్చులాంటి వై కూడా ఆఖర్న వచ్చి కూర్చుంటుందని బాబాయి ఇంకో మెట్టు ఎక్కించాడు. ఆ తర్వాత 'అబ్‌స్టీమియస్' దొరికింది, అదీ అంతే. వెనకనుంచి, చిటికెనవేలు మొదలుకుని బొటనవేలికి వచ్చేది 'సబ్‌కాంటినెంటల్'. అది అత్త చెప్పింది గానీ, అక్క మాత్రం వేళ్ల ఆట తనది కాబట్టి మాట కూడా తనదేనని వాదించింది. నోటుపుస్తకంలో అక్కడ 'త్త', 'క్క' రెండూ ఉంటాయి, రెండూ ఒకసారి కొట్టేసి మళ్లీ రాసినవి.

నాకంటూ మిగిలింది ఏ వేలూ ముడవని మాటలు. 'రిథమ్' అన్నాను ఒకరోజు. అక్క ఆర్, హెచ్, వై, టి, హెచ్, ఎమ్ అని చెప్పుకుంటూ పోయింది, చెయ్యి చాపినది చాపినట్టే ఉండిపోయింది. ఆ మొహం ఇప్పటికీ నాకు ఇష్టమైన జ్ఞాపకం. ఆ దారిలో 'లింక్స్', 'క్రిప్ట్', 'మిత్', 'ట్రిస్ట్', 'జిప్సీ' అన్నీ నా చుక్కలే. ఇవన్నీ వై దయవల్ల బతుకుతున్నవి. వేల్స్ భాషనుంచి వచ్చి డబ్ల్యునే అచ్చుగా వాడుకునే 'కూమ్' అనే మాటా ఉంది, సి, డబ్ల్యు, ఎమ్, అంతే మూడక్షరాలు. అది అప్పటికి నాకు తెలియదు. తెలిసుంటే అక్క చేతికి ఇంకో దెబ్బ తగిలేది.

అంకెల మాటలు కూడా నా జాగీరే. వన్ నుంచి నైన్ హండ్రెడ్ నైంటీ నైన్ దాకా, మధ్యలో 'అండ్' పెట్టకుండా రాసుకుంటూ పోండి, ఎక్కడా ఏ అనే అక్షరం రాదు. థౌజండ్ దగ్గర మొదటిసారి కనిపిస్తుంది. బేసి సంఖ్య ఏది రాసినా ఇ ఉండి తీరుతుంది. అక్షరాలు ఏబీసీడీల వరసలోనే పడిన అంకె ఒక్క ఫార్టీ. ఎఫ్, ఓ, ఆర్, టి, వై. వీటికి నోటుపుస్తకంలో చోటివ్వలేదు, ఆట అది కాదన్నారు. నేను చివరి పేజీలో నాకు నేనే రాసుకున్నాను.

ఎక్కువ గొడవ పెట్టినవి మాటల చివర్లు. జి, ఆర్, వై తో ముగిసేవి 'యాంగ్రీ', 'హంగ్రీ' అని అందరికీ తెలుసు. మూడోది చెప్పమని వేధించే పొడుపుకథ ఒకటి లోకమంతా తిరుగుతుంది. వాడుకలో ఉన్న మాటైతే మూడోది లేదు, ఆ కథే ఓ మోసం. ఎమ్, టి తో ముగిసేది 'డ్రెమ్ట్', దాని పిల్లలు. అది దొరకడానికి మాకు దాదాపు ఒక వేసవి పట్టింది, అదీ అక్క నిద్ర లేస్తూ చెప్పిందని ఇంట్లో ఓ పుకారు. ఇలా చివర్లు పట్టుకుని వెతికే తిప్పలు మాకే కాదని తెలిశాక కాస్త ఊరట కలిగింది. 1775లోనే జాన్ వాకర్ అనే ఆయన మాటల్ని చివరి అక్షరాల వరసలో పేర్చి నిఘంటువు వేశాడు. మెరియమ్ వెబ్‌స్టర్ వాళ్ల దగ్గరైతే మాటలన్నీ వెనకనుంచి ముందుకు టైపు కొట్టిన కార్డులు 3 లక్షల పైచిలుకు ఉండేవి. కంప్యూటర్లకు ముందు, ఒక్కో కార్డూ ఒక మనిషి కూర్చుని కొట్టింది. ఆ గది ఒక్కసారి బాబాయికి చూపించగలిగితే ఎంత బాగుండేదో.

అక్షరాల బిళ్లలతో మాటలు పేర్చే స్క్రాబుల్ ఆట మా ఇంటికి ఆలస్యంగా వచ్చింది. వచ్చీ రాగానే బాబాయి అట్ట తిప్పి బిళ్లలు లెక్కపెట్టాడు. మొత్తం 100. ఇ 12, ఏ 9, ఐ 9, క్యూ ఒకటి, జడ్ ఒకటి. "చూశావా, నా కేసే" అన్నాడు. నిజంగానే దాన్ని తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బట్స్, ఉద్యోగం పోయిన ఆర్కిటెక్టు, 1930ల్లో వార్తాపత్రిక పేజీల్లో అక్షరాలు లెక్కపెట్టే ఆ పంపకం చేశాడు. ఒక్క ఎస్ దగ్గర మాత్రం కావాలని పిసినారితనం చూపించి నాలుగే పెట్టాడు. లేకపోతే అందరూ బహువచనాలతోనే బతికేస్తారు. బాబాయి పెట్టిన షరతే ఇది, ఆయనకు ఆ పేరు తెలియక ముందే. ఆ సాయంత్రం ఆయన మొహం చూడాల్సింది.

క్యూ బిళ్ల చేతికొచ్చి యు రాకపోతే ఎంత నరకమో ఆడినవాళ్లకు తెలుస్తుంది. యు తోడు లేకుండా క్యూ వచ్చే మాటలు మేం అప్పట్లో ఎంతో కష్టపడి పోగేశాం. 'ఇరాకీ', 'బుర్కా', 'ఫకీర్'. అన్నీ అరబ్బీ దారినుంచి వచ్చినవి. 'ఫకీర్'ని కె తోనూ రాస్తారు కాబట్టి దానికి సగం చుక్కే ఇచ్చారు. సగం చుక్క ఎలా ఉంటుందని అడక్కండి. ఇప్పుడు 'చీ' అని పలికే రెండక్షరాల మాట ఒకటి, క్యూ, ఐ, అమెరికా పోటీల జాబితాలో 2006లో చేరి ఆ బాధ తీర్చేసింది. మా రోజుల్లో అయితే ఆ మాటకు పెద్ద యుద్ధమే జరిగేది.

ప్రెస్సులోకి ఆఫ్‌సెట్ వచ్చింది, కేసులు పోయాయి. అత్త మిషను మీద గుడ్డ కప్పారు. నేను కంప్యూటర్ల దగ్గరికి చేరాను. యునిక్స్ మిషన్లలో మాటలన్నీ వరసకొకటి చొప్పున రాసిపెట్టిన ఫైలు ఒకటి ఉంటుంది, దాన్ని వెతకడానికి గ్రెప్ అనే కమాండు ఉంటుంది. చుక్క పెడితే ఏదో ఒక అక్షరం అని అర్థం. చుక్క పక్కన నక్షత్రం పెడితే ఎన్ని అక్షరాలైనా సరే అని. టోపీలాంటి గుర్తు మాట మొదలు, డాలరు గుర్తు మాట చివర. అంతే, మొదలు, మధ్య, చివర అన్నీ ఒక్కటే దానికి. డిక్షనరీ ఇన్నేళ్లూ మూసుకున్న నోరు అక్కడ తెరుచుకుంది.

నేను మొదట కొట్టింది డబ్ల్యు, కె, డబ్ల్యు. మా ఆట మొత్తంలో అందర్నీ ఎక్కువసేపు కూర్చోబెట్టిన ముడి అది. రెండు డబ్ల్యుల మధ్య కె ఏమిటి, ఇంగ్లీషేనా అని పెద్దవాళ్లే తిట్టుకున్నారు. రెండ్రోజుల తర్వాత అక్క 'ఆక్‌వర్డ్' అని అరిచింది. స్క్రీను మీద అదే మాట, దాని వెనక 'ఆక్‌వర్డ్‌లీ', 'ఆక్‌వర్డ్‌నెస్', ఇవి మా షరతుల్లో సగం చెల్లవు. ఆ తర్వాత 'హాక్‌వీడ్' అని ఒకటి. పసుపు పూలు పూసే మొక్కట. మేం నలుగురం అంతసేపు కూర్చున్న చోటే అది కూడా ఉంది, మా కంట పడలేదు. నాకు సంతోషం వెయ్యాలి నిజానికి. ఆ మాట ఎదురుగా కుడివైపు ఏ గుర్తూ లేకపోవడం మాత్రం వింతగా అనిపించింది.

ఇప్పుడు ఫోన్లలో రోజుకో ఆట. వర్డిల్ బాగానే ఉంది. జోష్ వార్డిల్ 2021లో జనంలోకి వదిలితే, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. అయిదక్షరాలు, ఆరు అవకాశాలు, అందరికీ ఒకటే మాట. నాకు మాత్రం వాళ్లదే స్పెల్లింగ్ బీ ఎక్కువ నచ్చుతుంది. ఏడక్షరాలిచ్చి, నడిమధ్య అక్షరం తప్పనిసరిగా వచ్చే మాటలు తెమ్మంటుంది. పైగా అందులో ఎస్ ఇవ్వరు. ఆ సంగతి బాబాయికి ఫోన్లో చెబితే "మరి!" అన్నాడు, అదేదో తనని అడిగే చేసినట్టు.

ఇక ఈమధ్య రేగిన తగువు. అక్కకు పేరు తెచ్చిన ప్రశ్న ఒకటుంది: యు, ఎన్, డి తో మొదలై, యు, ఎన్, డి తోనే ముగిసే మాట. జవాబు 'అండర్‌గ్రౌండ్'. చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవర్ని అడిగినా వెంటనే చెప్పినవాళ్లు లేరు. ఒక్కటే మాట ఉందని ఆమె ఇన్నేళ్లూ అందరికీ చెబుతూ వచ్చింది. నేను ఊరుకోక గ్రెప్‌తో వెతికి 'అండర్‌ఫండ్' కూడా ఉందని పంపించాను. నిమిషంలో ఫోను.

"ఒరేయ్, అది నువ్వు కనిపెట్టావా, నీ మిషను కనిపెట్టిందా?"

"మిషనే అక్కా."

"అయితే పుస్తకంలో దాని పేరే రాసుకో. నా అండర్‌గ్రౌండ్ జోలికి రాకు."

తీర్పు కోసం బాబాయిని లైన్లోకి తీసుకున్నాం. ఆయన ఇద్దరి వాదనా విని, గొంతు సవరించుకుని, అండర్ పక్కన గ్రౌండ్ అతికించినా ఫండ్ అతికించినా ఒకటేననీ, రెండు మాటలు జతచేసినదాన్ని ఒక మాటగా లెక్కపెట్టడం మొదట్నుంచీ తనకు ఇష్టం లేదనీ, రెండూ కొట్టెయ్యమనీ చెప్పాడు.

"అలాగే బాబాయ్," అంది అక్క. "మరి బుక్‌కీపర్ కూడా కొట్టెయ్యనా?"

అటునుంచి కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, సిగ్నలు సరిగా లేదమ్మా అని ఫోను పెట్టేశాడు.